పదసమస్యలో అన్వయము: శేషశబ్దమును గూర్చిన విచారము

తెలుగున వెలసిన ప్రాచీన గణితగ్రంథములను గూర్చి సాహిత్యచరిత్రకారులు వ్రాసినది ప్రాయికముగా కవికాలనిర్ణయముతో ఆగిపోవుచున్నది. పావులూరి మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాడా, తరువాతివాడా, ఆ పేరు గలవా రొక్కరా, ఇద్దరా అను చర్చ చాల జరిగినది. అది నిష్ప్రయోజనమని నేననను. కాని సారసంగ్రహగణితము లెక్కల పుస్తకమను సంగతి ఆ చర్చలో మఱుగుపడుచున్నది. లెక్కను వాక్యముగా కూర్చుట ఒక రచనావిధానము. దానికి భాషాపరమైన గుణదోషములు కలవు. వానిని విచారింపవలసినవారు గణితోపాధ్యాయులు మాత్రమే కారు. తెలుగుశాఖలవారికిని ఆ బాధ్యత కలదు. ఈ వ్యాసమున చెప్పదలచినది ఇంతే.

ఈ విచారమునకు ప్రేరకము ప్రాచీన తాళపత్రము కాదు. ఐదవ తరగతి చదువుచున్న మా తమ్ముని కుమార్తె పాఠశాలనుండి తెచ్చిన అభ్యాసపత్రము. అందు ఇట్లొక లెక్క ఉన్నది: ‘ఒక రైతు తన ధాన్యములో సగము అమ్మెను. దానిలో మూడవవంతు బంధువులకు ఇచ్చెను. ఇంకను 20 బస్తాలు మిగిలెను. మొదట అతనివద్ద ఎన్ని బస్తాలు ఉండెను?’ బాలిక 120 అని వ్రాసినది. ఎఱ్ఱసిరాతో దానిని కొట్టివేసి 60 అని దిద్దినారు. ‘దానిలో అంటే దేనిలో, పెదనాన్నా?’ అని ఆమె నన్నడిగినది. పాఠశాలలోను ఇదే ప్రశ్న వేసినదట. లెక్కల వేళ తెలుగు ప్రశ్న లడుగవద్దన్నారట.

ఆమె ప్రశ్న అన్వయమునకు సంబంధించినది. ‘దాని’ అను సర్వనామమునకు పూర్వవాక్యమున ఆశ్రయము వెదకుదము. ‘ధాన్యము’ ఆశ్రయమైనచో సగమును మూడవవంతును కలిసి ఆఱింట అయిదు వంతులగును; మిగిలిన ఆఱవవంతు 20 బస్తాలు; మొత్తము 120. ‘సగము’ ఆశ్రయమైనచో అది అమ్ముడుపోయిన సగము. అమ్మిన ధాన్యమును బంధువులకు పంచుట పొసగదు. పొసగినదని మొండిగా పట్టుకొన్నచో మిగిలిన సగమే 20, మొత్తము 40. దిద్దినవారు కోరిన 60 రావలెనన్న ‘మిగిలినదానిలో’ అని అర్థము చెప్పుకొనవలెను. ఆ ‘మిగిలినది’ వాక్యమున ఎక్కడను లేదు; అధ్యాహారము చేసికొనవలసినదే. బాలిక ఆ పని చేయలేదు. ఉన్న శబ్దమునకు ఉన్న అర్థము చెప్పుకొన్నది. హారములు వేఱైన భిన్నములను సరిగా కూడినది, శేషభాగమును సరిగా కనుగొన్నది, ఆఱుచే సరిగా గుణించినది. తప్పు వాక్యము కూర్చినవారిది. మార్కు పోయినది ఆ పిల్లకు.

ఈ తప్పును మన పూర్వులు చేసెడివారా అని నేను లీలావతిని తెఱచితిని. భాస్కరాచార్యుడు 1150 నాటి ఆ గ్రంథమున, తెలియని రాశిని ఏదేని ఒక అంకెగా ఊహించి లెక్క చేయు ఇష్టకర్మయను విధానమునకు కొన్ని ఉదాహరణములు చెప్పినాడు. అందు రెండింటిని పక్కపక్కన పెట్టి చదివిన మన ప్రశ్నకు సమాధానము దొరకును.

మొదటిది తామరపువ్వుల లెక్క. నిర్మలమైన కమలరాశిలో మూడవవంతు శివునకు, అయిదవవంతు విష్ణువునకు, ఆఱవవంతు సూర్యునకు, నాలవవంతు దేవికి అర్పింపగా మిగిలిన ఆఱు పువ్వులతో గురుపాదములు పూజింపబడినవి, మొత్తమెన్ని? 60 అని ఊహించినచో 20, 12, 10, 15 పోగా 3 మిగులును. నిజముగా మిగిలినవి 6. కావున మొత్తము 120. అవ్యక్తరాశికి అక్షరము పెట్టుట నేర్వని ఐదవ తరగతి బాలుడును దీనిని చేయగలడు. ఇట ముఖ్యమైనది వేఱు. ‘రాశి’ అను శబ్దము షష్ఠీవిభక్తిలో ఒక్కసారి చెప్పబడి నాలుగు భిన్నములకును అన్వయించుచున్నది. నాలుగును మొత్తమునకు చెందిన భాగములే అని విభక్తియే చెప్పుచున్నది. శేషశబ్దము చివరి ఆఱు పువ్వులకు మాత్రమే వాడబడినది.

రెండవది యాత్రికుని లెక్క. అతడు తన ధనమున సగము ప్రయాగలోను, మిగిలినదానిలో తొమ్మిదింట రెండువంతులు కాశిలోను, అందు మిగిలినదానిలో నాలవవంతు దారిసుంకమునకును, ఇంకను మిగిలినదానిలో పదింట ఆఱువంతులు గయలోను వెచ్చించి 63 నిష్కములతో ఇల్లు చేరినాడు. మొత్తము 540. సరిచూడవచ్చును: 270 మిగిలి, అందు 60 పోయి 210, అందు యాబదిరెండున్నర పోయి నూటయేబదియేడున్నర, అందు తొంబదినాలుగున్నర పోయి 63. ఈ శ్లోకమున భాస్కరుడు మెట్టు మెట్టునకు ‘అవశేష’, ‘శేష’, ‘శేష’, ‘శిష్ట’ అని ఒకే ధాతువునుండి పుట్టిన శబ్దములను నాలుగుమాఱులు వాడినాడు. స్రగ్ధరవంటి పెద్దవృత్తముననైనను చోటు అమూల్యమే. కవి అయినవాడు పునరుక్తికి జంకును, పర్యాయపదమును వెదకును. భాస్కరుడు కవియే, శృంగారచమత్కారములయందు ఆసక్తుడే. ఐనను ఇచట పునరుక్తిని వదలలేదు. ఒక్క శేషశబ్దము జాఱినచో లెక్క మాఱిపోవునని ఎఱిగినవాడు గనుక ఇది దోషము కాదు, అవశ్యకర్తవ్యమని తలచినాడు. మన అభ్యాసపత్రకర్త ‘దానిలో’ అని విడిచినచోట భాస్కరుడు శేషశబ్దమును విడువలేదు.

ఈ భేదము భాస్కరునితో పుట్టినది కాదు. రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, అనగా 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమున ప్రకీర్ణకవ్యవహారము పదివిధములుగా విభజింపబడినది. అందు మొదటివి భాగజాతి, శేషజాతి. మద్రాసున 1912లో రంగాచార్యులుగారు ఆంగ్లానువాదముతో ప్రకటించిన పిదప ఈ గ్రంథము విద్వల్లోకమునకు సులభమైనది. మొత్తములో భాగము చెప్పు లెక్కయొక జాతి, మిగిలినదానిలో భాగము చెప్పు లెక్క మఱియొక జాతి. మన బాలిక చేసినది భాగజాతి. ఉపాధ్యాయులు ఉద్దేశించినది శేషజాతి. ఈ రెండు పేర్లు తరగతిగదిలో పిల్లలకు చెప్పినవారిని నేను చూడలేదు. చెప్పినచో మూడువంతుల చిక్కు తీరును.

ఐతే ప్రాచీనులదంతయు మేలని నా వాదము కాదు. మహావీరుని ముత్యాలహారపు లెక్క ప్రసిద్ధము. ప్రణయకలహమున హారము తెగి ముత్యములలో మూడవవంతు ఒకచోటను, ఆఱవవంతు శయ్యపైనను చేరగా, మిగిలినవానిలో సగము, అందు మిగిలినవానిలో సగము, ఇట్లాఱుమాఱులు చెదరిపోయి 1,161 మిగిలినవి, మొత్తము 1,48,608. పరిష్కారమున మొదటి అడుగు తప్ప తక్కినదంతయు రెట్టింపుల శ్రమ. అంకె పెద్దదైనంత మాత్రమున లెక్క కఠినము కాదు, విసుగు కలిగించునదగును. విషయము పదేండ్ల పిల్లలకు తగదని వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్లే చదరంగపు గడులలో రెట్టింపగుచు పోవు ధాన్యపుగింజల మొత్తమును భూతసంఖ్యలతో చెప్పు తెలుగుపద్యము పావులూరివారిదని వాడుక. ఇరువదిస్థానముల అంకెను పద్యమున ఇమిడ్చిన నేర్పునకు మెచ్చుకొనవలసినదే. కాని అందు భాష సంఖ్యను మోయు గంపవంటిది. సంబంధమును చెప్పుట లేదు. అది జ్ఞాపకపద్యము, సమస్య కాదు. ఈ రెండింటిని ఒకే గాటను కట్టి ‘మన గణితసాహిత్యవైభవము’ అని పొగడుట విమర్శ అనిపించుకొనదు.

మల్లన విషయమున ఒకమాట. జైనుడైన మహావీరుని ఉదాహరణములందలి జినపూజాదులకు బదులు శైవుడైన మల్లన శివపరములైన ఉదాహరణములు కూర్చెనని విమర్శకులు చూపినారు. దీనిని మతాభినివేశముగా వ్యాఖ్యానించుట అలవాటు. లెక్కల రచనాదృష్టితో చూచిన మఱియొక సంగతి తెలియును. దేవుడు మాఱినను లెక్క మాఱలేదు, కథాంశము తొడుగువంటిది. మార్చరానిది ‘లో’, ‘మిగిలిన’, ‘ఒక్కొక్క’ అనువానిచే ఏర్పడు కట్టు. ఈనాటి అనువాదకులు జాన్‌ను రామునిగా, ఆపిలును మామిడిగా మార్చి పని ముగిసినదనుకొందురు. తొడుగును మార్చి కట్టును ఆంగ్లమున ఉన్నట్లే ఉంచుదురు. అందువలన ‘ఒక్కొక్కటి 12 రూపాయల ఖరీదు గల 5 పెన్నులను కొనిన రాము చెల్లించిన మొత్తము ఎంత?’ అను వాక్యములు పుట్టుచున్నవి. ‘రాము పన్నెండేసి రూపాయల పెన్నులు అయిదు కొన్నాడు, ఎంత ఇచ్చి ఉండును?’ అన్నచో మన యింటి పిల్లకు అర్థమగును.

ఈ ‘ఏసి’ ప్రత్యయమును గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. ‘మూడు గంపలలో అయిదు పండ్లున్నవి’ అన్న మొత్తము అయిదు. ‘మూడు గంపలలో అయిదేసి పండ్లున్నవి’ అన్న మొత్తము పదునైదు. రెండక్షరముల ప్రత్యయము అయిదును పదునైదు చేసినది. గుణకారమునకు తెలుగున ఇంతకంటె చిన్నగుర్తు లేదు. ‘చొప్పున’, ‘ఒక్కొక్క’, ‘తలకు’ అనునవియు ఈ కుటుంబమునకే చెందును. మన యిండ్లలో పెద్దలు పిల్లలనడుగు తామరల లెక్క చూడుడు: కొలనిలో కొన్ని తామరలు, కొన్ని తుమ్మెదలు. పువ్వుకొక్కటి చొప్పున వ్రాలిన ఒక తుమ్మెదకు పువ్వుండదు. రెండేసి వ్రాలిన ఒక పువ్వు మిగులును. పువ్వులు మూడు, తుమ్మెదలు నాలుగు. నాలుగుకు మించిన అంకె లేదు. కూడికయు తీసివేతయు తప్ప మఱేమియు లేదు. ఐనను ఏడవ తరగతి విద్యార్థులు కొందఱు దీనికడ తడబడుట నేను చూచితిని. కష్టమంతయు ‘చొప్పున’కును ‘ఏసి’కిని మధ్య ఉన్నది. కఠినసమస్య అనగా ఇట్లుండవలెను.

తెలుగు క్రియారూపములలో ‘గా’ అనునది శేషజాతికే పుట్టినట్లుండును. ‘సగము అమ్మగా మిగిలినదానిలో మూడవవంతు ఇయ్యగా 20 బస్తాలు మిగిలినవి’: ఒక్కొక్క ‘గా’ ఒక్కొక్క మెట్టు. కాగితముపై ఒక పొడవైన గీత గీసి ప్రతి ‘గా’ కడ ఒక ముక్క కొట్టివేయుచు పోయిన లెక్క కంటికి కనబడును. ఆంగ్లవాక్యమును చిన్నచిన్న ముక్కలుగా విఱిచి, ప్రతి ముక్కను ఒక సమాపకక్రియతో ముగించి, నడుమ ‘దానిలో’, ‘వానిలో’ అని అతుకులు వేయుట పిల్లలకు సులభమని కొందఱి నమ్మకము. వాక్యము చిన్నదగును, నిజమే, సంబంధము తెగిపోవును.

దోషములకును కొఱతలేదు. ‘మూడవవంతు’ అన్న మూడింట ఒకటి. ‘మూడువంతులు’ అన్న వాడుకలో నాలుగింట మూడు. ఈ వ్యాసముననే పైన ‘మూడువంతుల చిక్కు’ అని వ్రాసితిని. పాఠకులలో ఎవరును మూడింట ఒకవంతని తలచి ఉండరు. పిల్లలు తలతురు. ‘అయిదునకు మూడురెట్లు’ పదునైదు. ‘అయిదుకంటె మూడురెట్లు ఎక్కువ’ అన్న కొందఱు పదునైదనియు కొందఱు ఇరువదియనియు చెప్పుదురు. రెండవ పక్షమువారు శబ్దార్థమును అనుసరించుచున్నారు, మొదటివారు వాడుకను. ఇట్టి వాక్యము ప్రశ్నపత్రమున ఉండరాదు. ‘పన్నెండును మూడుచే’, ‘పన్నెండుచే మూడును’ అనువాని భేదము విభక్తిలోనే ఉన్నది. వ్యాకరణపు తరగతిలో తృతీయకు ఇంతకు మించిన ఉదాహరణము దొరకదు.

విభక్తిని చదువని పిల్లవాడు దేనిని చదువును? తాళపుచెవి మాటలను. ‘మొత్తము’ కనబడిన కూడుము, ‘మిగిలినవి’ కనబడిన తీసివేయుము, ‘ఒక్కొక్కటి’ కనబడిన గుణింపుము అని పట్టిక వ్రాసి గోడకు తగిలించు పద్ధతి పెక్కు పాఠశాలలలో ఉన్నది. ‘తమ్మునికి 7 గోలీలు ఇయ్యగా నావద్ద 12 మిగిలినవి, మొదట ఎన్ని?’ అన్నచో పట్టిక నమ్మినవాడు 5 అని వ్రాయును, సమాధానము 19. ‘సీతకు 15 పండ్లు, అవి గీతపండ్లకంటె 6 తక్కువ, గీతకెన్ని?’ అన్నచో 9 అని వ్రాయును, సమాధానము 21. ఇట్లు సంబంధవాచకము ఒకవైపునకు, చేయవలసిన గణితక్రియ మఱియొకవైపునకు లాగునపుడు తప్పులు పెరుగునని లూయిస్, మేయర్ అను మనోవిజ్ఞానశాస్త్రజ్ఞులు 1987లో ప్రకటించిన పరిశోధనలో చూపినారు. వారి విద్యార్థులు ఆంగ్లము చదివినవారు. తెలుగున ‘కంటె’ ఎవరి పేరునకు తగిలినదో చూచిన చాలును. పదక్రమము ఎట్లున్నను అర్థము మాఱదు. ఈ సౌకర్యమును మనము వాడుకొనుట లేదు.

ఫ్రాన్సు దేశమున గ్రెనోబ్ల్ నగరమందలి గణితవిద్యాపరిశోధకులు 1980 ప్రాంతమున చిన్నపిల్లలకు ఒక విచిత్రప్రశ్న నిచ్చినారు: ఓడలో 26 గొఱ్ఱెలు, 10 మేకలు కలవు, ఓడనాయకుని వయస్సెంత? 97 మంది పిల్లలలో 76 మంది ఆ అంకెలతో ఏదో లెక్క చేసి వయస్సు చెప్పినారు. దీనిని విని నవ్వుట సులభము. వాక్యార్థమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని మన శాస్త్రములు చెప్పుచున్నవి. గొఱ్ఱెలకును వయస్సునకును ఆకాంక్ష లేదు. ఇంటివద్ద ఎవరైన ఇట్లడిగిన ఆ పిల్లలే నవ్వి ఉందురు. లెక్కల గంటలో వాక్యము వాక్యము కాదని, అంకెలను పట్టియుంచు గూడని వారు నేర్చుకొన్నారు. ‘లెక్కల వేళ తెలుగు ప్రశ్న లడుగవద్దు’ అన్న మాటకు ఫలము ఇదియే.

గణితోపాధ్యాయమిత్రు డొకరు నాతో వాదించినారు: మీరు చెప్పునది భాషాపరీక్ష, గణితపరీక్షలో భాష అడ్డు కారాదు, తెలుగు సరిగా రాని బిడ్డకు అన్యాయము జరుగును, కావున భాషను వీలైనంత పలుచన చేయవలెను. ఈ వాదమున సత్యమున్నది. గిరిజనగ్రామములందు ఇంట వేఱుభాష మాటలాడు పిల్లలకు ‘అవశేషము’, ‘వెచ్చించెను’ అను పదములు అడ్డుగోడలే. అట్టి పదములను తొలగింపవలసినదే. కాని పలుచన చేయుట వేఱు, సంబంధమును తొలగించుట వేఱు. ‘వెచ్చించెను’ పోయి ‘ఖర్చుపెట్టినాడు’ వచ్చిన నష్టము లేదు. ‘మిగిలినదానిలో’ పోయి ‘దానిలో’ వచ్చిన లెక్కయే పోవును. సంబంధమును తెలుపు మాటలను తీసివేసిన పిదప మిగులునది కూడిక, తీసివేతల అభ్యాసము. దానికి వాక్యమే అక్కఱలేదు.

మన బడులలో పద్యము చదువు పద్ధతి ఒకటి ఉండెడిది. పదచ్ఛేదము, అన్వయము, తాత్పర్యము, తరువాతనే స్వారస్యము. హంగరీనుండి అమెరికా చేరిన గణితవేత్త పోల్యా 1945 నాటి తన గ్రంథమున సమస్యాసాధనకు చెప్పిన నాలుగు మెట్లలో మొదటిది సమస్యను అర్థము చేసికొనుట. ఏది తెలియదు, ఏవి ఇయ్యబడినవి, వానికి గల నియమమేమి అని అడుగుమనును. మన అన్వయప్రశ్నలు ఎవడు, దేనిని, దేనిచే, దేనిలో అనునవి. రెండింటికి దూరము లేదు. లెక్క చేయుటకు ముందు దానిని అంకెలు లేకుండ తిరిగి చెప్పుమని పిల్లల నడిగినచో ఎవరు చదివినారో, ఎవరు అంకెలు ఏరుకొన్నారో వెంటనే తెలియును. నేను ఒక పాఠశాలలో కొన్నిదినములు ఇట్లు చేయించితిని. నెమ్మదిగా జరుగును, గంటకు రెండు లెక్కలకు మించి సాగవు. పాఠ్యప్రణాళిక వెనుకబడుచున్నదని ప్రధానోపాధ్యాయులు మర్యాదగనే తెలియజేసినారు.

రైతు లెక్కను నేను రెండువిధములుగ తిరుగవ్రాసి మా తమ్ముని కుమార్తెకు ఇచ్చితిని. ఒకదానిలో ‘సగము అమ్మగా మిగిలినదానిలో మూడవవంతు’ అనియు, మఱియొకదానిలో ‘మొదటి ధాన్యములో సగము అమ్మి, మొదటి ధాన్యములోనే మూడవవంతు’ అనియు వ్రాసితిని. మొదటిదానికి 60, రెండవదానికి 120 అని చేసినది. అమ్మిన సగములో మూడవవంతను అర్థము యోగ్యత లేనిదని, ఎవరును అట్లు లెక్క వ్రాయరని నేను చెప్పితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, కాగితము తీసికొని నాకొక లెక్క వ్రాసి యిచ్చినది: ‘నా చాక్లెట్లలో సగం అక్కకిచ్చాను. వాటిలో మూడో వంతు అక్క తమ్ముడికిచ్చింది. తమ్ముడికి 4 వచ్చాయి. మొదట నా దగ్గర ఎన్ని?’ 24 అని చెప్పితిని. కర్తను మార్చినది, యోగ్యత వచ్చినది. ‘వాటిలో’ అనగా అక్కచేతిలో నున్నవి తప్ప వేఱొకటి కానేరదు. సరియైనదని గుర్తు పెట్టి, ఆ కాగితమును నాకే యిచ్చి వెళ్ళినది.